ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఒక జట్టు తప్పుకుంటే: ఒక ప్రాంతీయ ఫుట్‌బాల్ లీగ్ సీజన్ కేస్ స్టడీ

పది జట్ల ప్రాంతీయ లీగ్ ఇది. ప్రతి జట్టూ మిగిలిన తొమ్మిది జట్లతో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి సొంత గ్రౌండ్‌లో, ఒకసారి బయట. అంటే జట్టుకు 18 మ్యాచ్‌లు, మొత్తం 90. మొదటి స్థానంలో నిలిచిన జట్టు నేరుగా పై డివిజన్‌కు వెళ్తుంది, రెండో జట్టుకు ప్లేఆఫ్ (పైకి వెళ్లేందుకు ఆడే అదనపు పోటీ) అవకాశం. ఈ లీగ్‌కు పోటీల కార్యదర్శిగా ఫిక్చర్లు (ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్న పట్టిక) వేయడం, పాయింట్ల పట్టిక నడపడం, నియమాల మీద తగాదా వస్తే కమిటీకి నోట్ రాయడం నా పని. ఒక సీజన్ నడుమ ఒక జట్టు తప్పుకుంది. దానివల్ల ఛాంపియన్ ఎవరన్నదే మారిపోయింది. ఏం జరిగింది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, దేన్ని మార్చుకున్నాం అన్నది ఇలాంటి లీగ్‌లు నడిపేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. క్లబ్బుల పేర్లు చెప్పడం లేదు. జెర్సీ రంగులతో పిలుస్తాను. తప్పుకున్నది తెల్ల జట్టు. టైటిల్ పోరులో ఉన్నవి ఎర్ర, నీలి, పసుపు, ఆకుపచ్చ జట్లు.

టీమ్ షీట్ ముందే చెప్పింది

క్లబ్ మూతపడుతున్న సంగతి బ్యాంకు లెక్కల కన్నా ముందు టీమ్ షీట్‌లో, అంటే మ్యాచ్‌కు ముందు ఇచ్చే ఆటగాళ్ల జాబితాలో, కనిపిస్తుంది. మొదటి రౌండ్‌లో తెల్ల జట్టు ఇచ్చిన షీట్‌లో పదకొండు మందితో పాటు ఏడుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లున్నాయి. నాలుగో రౌండ్‌కి సబ్‌స్టిట్యూట్లు నలుగురయ్యారు. ఆరో రౌండ్‌కి ఇద్దరే, అందులో ఒకరు రెండో గోల్‌కీపర్. ఎనిమిదో రౌండ్ షీట్‌లో సబ్‌స్టిట్యూట్ల గడులన్నీ ఖాళీగా ఉన్నాయి, వాటి మీదుగా పై నుంచి కింది దాకా ఒకటే అడ్డగీత. తొమ్మిదో నంబరు ఎదురుగా రాసిన పేరు కొట్టేసి, పక్కన రెండో గోల్‌కీపర్ పేరు రాశారు. ఆ రోజు అతను ఫార్వర్డ్‌గా ఆడాడు. ఆట మొదలయ్యే సమయానికి జట్టు ఇంకా గ్రౌండ్‌కి చేరలేదని వరుసగా రెండు మ్యాచ్‌లలో రిఫరీలు రిపోర్టు రాశారు.

ఫుట్‌బాల్ చట్టాల్లో మూడో చట్టం ప్రకారం ఒక జట్టులో ఏడుగురి కన్నా తక్కువ మంది ఉంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదు, కొనసాగించకూడదు. చాలా లీగ్‌లు ప్రమాదాన్ని ఆ అంకెతోనే కొలుస్తాయి. అది ఒక మ్యాచ్‌కు పెట్టిన హద్దు మాత్రమే, సీజన్‌కు పనికొచ్చే కొలత కాదు. పదకొండు మందితో బరిలోకి దిగి, బెంచీ మీద ఒక్కరు కూడా లేని జట్టు అప్పటికే సగం ఖాళీ అయిపోయినట్టు లెక్క. అలాంటి జట్టు నెలాఖరు దాకా నిలబడడం నా అనుభవంలో చాలా అరుదు.

తొమ్మిదో రౌండ్‌లో తెల్ల జట్టు ఆకుపచ్చ జట్టుతో ఆడాలి. ముందురోజు రాత్రి కురిసిన వానకి గోల్ ముందు నీళ్లు నిలిచి, బంతి దొర్లడం లేదని రిఫరీ మ్యాచ్ వాయిదా వేశారు. మిగతా నాలుగు మ్యాచ్‌లూ జరిగాయి. ఆ వారంలోనే తెల్ల క్లబ్ నుంచి లేఖ వచ్చింది: ప్రయాణాలకు డబ్బు లేదు, ఆటగాళ్లు మిగల్లేదు, లీగ్ నుంచి తప్పుకుంటున్నాం.

సగం అనే గీత

మా నియమావళిలో దీని గురించి ఒక నిబంధన ఉంది. జట్టు తన మ్యాచ్‌లలో సగం ఆడకముందే తప్పుకుంటే దాని ఫలితాలన్నీ రద్దవుతాయి. సగం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఆడి తప్పుకుంటే ఆడిన ఫలితాలు నిలుస్తాయి, ఆడాల్సినవాటికి ఎదుటి జట్లకు 3–0 వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు, ఇస్తారు. 18లో సగం 9. తెల్ల జట్టు ఆడినవి 8. వానకు ఆగిన ఆ ఒక్క మ్యాచ్ జరిగి ఉంటే లెక్క మొత్తం వేరేగా ఉండేది.

తొమ్మిదో రౌండ్ ముగిశాక పట్టిక ఇది (గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1). ఎర్ర జట్టు 9 మ్యాచ్‌లలో 6 గెలుపులు, 2 డ్రాలు, 1 ఓటమితో 20 పాయింట్లు. నీలి జట్టు 9 మ్యాచ్‌లలో 5 గెలుపులు, 3 డ్రాలు, 1 ఓటమితో 18. పసుపు జట్టుకు 9 మ్యాచ్‌లలో 17. ఆకుపచ్చ జట్టుకు 8 మ్యాచ్‌లలో 14.

ఇప్పుడు తెల్ల జట్టు ఫలితాలు తీసేసి చూడండి. ఎర్ర జట్టు వాళ్ల మీద 4–0తో గెలిచింది, కాబట్టి 3 పాయింట్లు, నాలుగు గోల్స్ పోతాయి. నీలి జట్టు ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ తెల్ల జట్టు చేతిలోనే, 2–1తో. అది రద్దయితే వాళ్లకు పాయింట్ల నష్టం లేదు సరికదా, ఓటమి కూడా చెరిగిపోతుంది. పసుపు జట్టు డ్రా చేసుకుంది, ఒక పాయింటు తగ్గుతుంది. ఆకుపచ్చ జట్టు ఆడనే లేదు, మార్పు లేదు. అందరూ 8 మ్యాచ్‌ల మీద సమానమవుతారు: నీలి 18, ఎర్ర 17, పసుపు 16, ఆకుపచ్చ 14. రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న ఎర్ర జట్టు ఒక పాయింటు వెనక్కి పడింది.

ఫలితాలు నిలబెట్టి వాకోవర్లు ఇచ్చి ఉంటే? తెల్ల జట్టుతో రెండో లెగ్ (సీజన్ రెండో సగంలో మళ్లీ ఆడాల్సిన) మ్యాచ్‌కు ఎనిమిది జట్లకూ తలా 3 పాయింట్లు వస్తాయి. ఆకుపచ్చ జట్టుకు మాత్రం రెండు మ్యాచ్‌లూ మిగిలే ఉన్నాయి కాబట్టి 6 పాయింట్లు, ఆరు గోల్స్, అన్నీ బూట్లు కట్టకుండానే. అప్పుడు ఎర్ర 23, నీలి 21, పసుపు 20, ఆకుపచ్చ కూడా 20.

ఈ రెండు లెక్కలూ క్లబ్బుల చేతికి అందగానే ఎవరి వాదన ఎటు ఉంటుందో ఊహించుకోవచ్చు. వాయిదా పడిన మ్యాచ్‌ను ముందు ఆడించాలని ఎర్ర, ఆకుపచ్చ క్లబ్బులు కలిసి అడిగాయి. అది జరిగితే తెల్ల జట్టు తొమ్మిది పూర్తి చేసినట్టవుతుంది, ఫలితాలు నిలుస్తాయి. నీలి క్లబ్ ఒప్పుకోలేదు. తప్పుకుంటున్నామని రాతపూర్వకంగా చెప్పిన జట్టుతో మ్యాచ్ ఆడించడం సరికాదని కమిటీకి నేను నోట్ రాశాను. ఆ మ్యాచ్‌లో గెలుపోటములతో తెల్ల జట్టుకు పని లేదు. మైదానంలోకి రావడానికి ఒప్పుకుంటే చాలు, టైటిల్ ఒకవైపు మొగ్గుతుంది. అలాంటి మ్యాచ్ మీద ఎవరెవరు ఎలా ఒత్తిడి తెస్తారో, ఎవరి ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారో అన్న అనుమానం మిగిలిన సీజన్ మొత్తాన్ని వెంటాడుతుంది. లేఖ అందిన తేదీయే లెక్క అని నియమంలో స్పష్టంగా ఉంది. కమిటీ దాని మీదే నిలబడింది: 8 మ్యాచ్‌లు, ఫలితాలు రద్దు.

వేరే చోట్ల ఏం చేశారు

కమిటీ ముందు పాత ఉదాహరణలు కూడా పెట్టాను. అన్నీ ఒకే దారి చూపించవు. 1919 అక్టోబరులో ఇంగ్లండ్‌లో లీడ్స్ సిటీని లీగ్ నుంచి బహిష్కరించినప్పుడు ఆ జట్టు కూడా ఎనిమిది మ్యాచ్‌లే ఆడింది. అప్పుడు ఫలితాలు రద్దు చేయలేదు, వాకోవర్లూ ఇవ్వలేదు. పోర్ట్ వేల్ అనే క్లబ్‌ను తీసుకొచ్చి, లీడ్స్ సిటీ పాయింట్లతో సహా మిగతా ఫిక్చర్లన్నీ అప్పజెప్పారు. 1962 మార్చిలో ఇంగ్లండ్‌లోనే అక్రింగ్టన్ స్టాన్లీ క్లబ్ తప్పుకునేసరికి 33 మ్యాచ్‌లు ఆడేసింది. అన్నీ కొట్టేశారు. 1992 మార్చిలో అక్కడే ఆల్డర్‌షాట్ క్లబ్ మూతపడినప్పుడు 36 మ్యాచ్‌లు అలాగే పోయాయి. సగం దాటిందా లేదా అన్న ప్రశ్నే అక్కడ రాలేదు. 2019 ఆగస్టులో బరీ క్లబ్‌ను బహిష్కరించింది ఆ సీజన్‌లో అది ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకముందు, కాబట్టి అది ఆడాల్సిన లీగ్ వన్ (ఇంగ్లండ్ మూడో అంచె) 23 జట్లతో నడిచింది, చిక్కు లేదు. 2025 మార్చిలో ఇటలీ మూడో అంచె లీగ్ సీరీ సిలో సీజన్ చివరికొస్తున్న వేళ టరాంటో, టూరిస్ క్లబ్బులను తప్పించి వాటి ఫలితాలన్నీ తీసేశారు.

పోర్ట్ వేల్ పద్ధతి మా దగ్గర కూడా చర్చకొచ్చింది. కింది డివిజన్‌లో ముందున్న జట్టును పైకి తెచ్చి తెల్ల జట్టు స్థానంలో నిలబెడదామన్నారు. దానివల్ల కింది డివిజన్ సీజన్ చెడిపోతుంది. పైగా ముందు మ్యాచ్‌లలో ఎర్ర జట్టు ఆడింది కుదేలైన జట్టుతో, రెండో లెగ్‌లో ఆడేది ఫామ్‌లో ఉన్న మరో జట్టుతో. ఒకే పేరు కింద రెండు వేరు వేరు జట్లు. ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు.

ఎర్ర క్లబ్ అప్పీలు

ఎర్ర క్లబ్ అప్పీలు చేసింది. వాళ్ల వాదనలో బలముంది. "మేం మైదానంలో గెలిచాం, ఎదుటి జట్టు ఇల్లు సర్దుకోలేకపోతే మా గెలుపు ఎందుకు పోవాలి?" అన్నారు. నీలి జట్టు ఓడిన మ్యాచ్ చెరిగిపోవడం వాళ్లను మరీ బాధించింది. అందులో న్యాయమైన బాధ ఉంది, ఆ ఆటగాళ్లను చూస్తే నాకూ బాధ కలిగింది.

కానీ లీగ్ పట్టిక ఒక మాట మీద నిలబడుతుంది: అందరూ అందరితో సమానంగా ఆడతారు. ఆకుపచ్చ జట్టు తెల్ల జట్టుతో ఒక్కసారీ ఆడలేదు. ఎనిమిది ఫలితాలు ఉంచితే తొమ్మిదో జట్టుకు ఏదో ఒకటి కల్పించి ఇవ్వాలి. ఇచ్చినా అన్యాయమే, ఇవ్వకపోయినా అన్యాయమే. ఎనిమిదీ తీసేస్తేనే అందరూ ఒకే గీత మీద నిలబడతారు. అప్పీలు కమిటీ దీన్నే ఒప్పుకుంది. సీజన్ ముందు ఇచ్చిన బులెటిన్‌లో ఈ నియమం ఉందనీ, పది క్లబ్బులూ దాని మీద సంతకం పెట్టాయనీ కూడా గుర్తు చేసింది.

ఇక్కడ ఒక నిర్ణయం గురించి గట్టిగా చెప్పాలి. అప్పీలు తేలేదాకా పదో రౌండ్ ఆపేశాం. గ్రౌండ్లు, రిఫరీలు, ప్రయాణాలు అన్నీ ఒక వారం వెనక్కి జరిగాయి, తిట్లు చాలా పడ్డాయి. అయినా అది తప్పనిసరి. ఇంకా ఎనిమిది మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. అప్పుడు చెప్పిన తీర్పును ఓడినవాళ్లు కూడా నియమంగానే చూస్తారు. అదే తీర్పు చివరి రౌండ్ అయ్యాక చెబితే అది ఒక క్లబ్‌కు కప్పు ఇచ్చినట్టే అవుతుంది.

చివరి పట్టిక చూస్తే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. 16 మ్యాచ్‌ల తర్వాత నీలి జట్టు 36, ఎర్ర జట్టు 34, ఆకుపచ్చ జట్టు 32. ఫలితాలు నిలబెట్టి వాకోవర్లు ఇచ్చి ఉంటే ఎర్ర 40, నీలి 39, ఆకుపచ్చ 38 అయ్యేవి. అంటే ఛాంపియన్ మారేది. ఈ లెక్క ఎర్ర క్లబ్ అభిమానులు వేసుకున్నారు, మేమూ వేశాం. దాచాల్సింది ఏమీ లేదు కాబట్టి సీజన్ చివరి నివేదికలో రెండు పట్టికలూ పక్కపక్కనే ప్రచురించాం.

కార్డులు, గోల్స్, ఆటగాళ్లు

ఫలితం రద్దయిందంటే ఆ మ్యాచ్‌లో జరిగినదంతా రద్దయినట్టు కాదు. ఒక జట్టు డిఫెండర్ అంతకు ముందు వచ్చిన రెడ్ కార్డుకి ఒక మ్యాచ్ సస్పెన్షన్‌ను తెల్ల జట్టుతో జరిగిన మ్యాచ్‌లో గడిపాడు. ఆ మ్యాచే లేనట్టయితే శిక్ష పూర్తయినట్టా, కానట్టా? పూర్తయినట్టే అన్నాం. అతను నిజంగా బయట కూర్చున్నాడు, మ్యాచ్ రద్దవడంలో అతని జట్టు తప్పేమీ లేదు. ఫీఫా క్రమశిక్షణ నియమావళి స్ఫూర్తి కూడా అదే: మ్యాచ్ రద్దవడానికి తన జట్టు కారణం కాకపోతే ఆటగాడి సస్పెన్షన్ గడిచినట్టే. ఆ మ్యాచ్‌లలో చూపించిన పసుపు కార్డులను కూడా లెక్కలో ఉంచాం. ఫౌల్ చేసినవాడి కార్డు ఎదుటి క్లబ్ ఆర్థిక స్థితిని బట్టి చెరిగిపోకూడదు.

గోల్స్ సంగతి కష్టమైంది. ఎర్ర జట్టు స్ట్రైకర్ ఆ నాలుగు గోల్స్‌లో మూడు కొట్టాడు. టాప్ స్కోరర్ బహుమతి లీగ్ పట్టికతో ముడిపడి ఉంది కాబట్టి వాటిని తీసేశాం. పట్టిక అడుగున ఉన్న ఒక జట్టులో పదిహేడేళ్ల కుర్రాడి మొదటి సీనియర్ గోల్ కూడా తెల్ల జట్టు మీదే. అది కూడా లీగ్ రికార్డులోంచి పోయింది. మ్యాచ్ రిపోర్టులను మాత్రం చెరపలేదు. ఎవరు ఏ నిమిషంలో గోల్ కొట్టారో ఆర్కైవులో అలాగే ఉంటుంది, పైన "పట్టికలో లెక్కించలేదు" అన్న ముద్రతో. ఆ కుర్రాడి కోచ్ అడిగితే ఆ రిపోర్టు నకలు ఇచ్చాం.

తెల్ల జట్టు ఆటగాళ్లను రోడ్డున పడేయలేదు. బదిలీల గడువు దాటినా వాళ్లు వేరే క్లబ్‌లో నమోదు చేసుకోవచ్చన్నాం. అయితే ఒక్కో క్లబ్ ఇద్దరిని మించి తీసుకోకూడదన్న షరతు పెట్టాం, లేకపోతే ముందున్న ఏదో ఒక జట్టు మంచివాళ్లందరినీ ఊడ్చేస్తుంది. నీలి జట్టు మీద గెలుపు గోల్ కొట్టిన మిడ్‌ఫీల్డర్ చివరికి నీలి జట్టులోనే చేరాడు. దాని మీద గొణుగుడు వచ్చింది. నియమం అనుమతించింది, అతను ఆడాడు, బాగా ఆడాడు.

చివరి రౌండ్‌లో ఖాళీ

తొమ్మిది జట్లు మిగిలాయంటే ప్రతి రౌండ్‌లోనూ ఒక జట్టుకు బై. తెల్ల జట్టు పేరు ఎక్కడుందో అక్కడ ఎదుటి జట్టుకు సెలవు. మిగతా రౌండ్లలో ఇది ఇబ్బంది కాదు, చివరి రౌండ్‌లో మాత్రం పెద్ద ఇబ్బంది. మా ఫిక్చర్లలో రెండో లెగ్ మొదటి లెగ్‌కు అద్దం: తొమ్మిదో రౌండ్‌లో ఎవరు ఎవరితో ఆడారో పద్దెనిమిదో రౌండ్‌లో కూడా వాళ్లే, గ్రౌండ్లు తారుమారు. తొమ్మిదిలో తెల్ల జట్టు ప్రత్యర్థి ఆకుపచ్చ జట్టు. అంటే ప్లేఆఫ్ స్థానం కోసం పోరాడుతున్న ఆకుపచ్చ జట్టు చివరి రోజు ఖాళీగా కూర్చుని ఉంటుంది, దాని స్కోరు ఎంతో తెలిసిన ఎదుటి జట్లు దానికి తగ్గట్టు ఆడుకుంటాయి.

ఈ ప్రమాదం ఊహ కాదు. 1982 ప్రపంచ కప్‌లో గిహోన్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్‌కు ముందురోజే అల్జీరియా తన ఆఖరి గ్రూప్ మ్యాచ్ ముగించింది. జర్మనీ 1–0తో గెలిస్తే ఐరోపా జట్లు రెండూ ముందుకెళ్తాయని ఇద్దరికీ తెలుసు. మొదట్లోనే గోల్ పడింది, తర్వాత ఆటే లేదు, అల్జీరియా ఇంటికెళ్లింది. ఆ తర్వాతే గ్రూప్ చివరి మ్యాచ్‌లను ఒకే సమయానికి పెట్టడం మొదలైంది.

బేసి సంఖ్యలో జట్లుంటే చివరి రౌండ్‌లో ఎవరో ఒకరు ఖాళీగా ఉండక తప్పదు. ఎవరు ఖాళీగా ఉండాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. 16, 17, 18 రౌండ్ల వరుస పదిహేనో రౌండ్ ముగిశాక ప్రకటిస్తామని ముందే చెప్పాం. మూడు వారాంతాలకూ అన్ని గ్రౌండ్లూ పట్టి ఉంచాం. పదిహేనో రౌండ్ అయ్యేసరికి పదహారో రౌండ్‌లో బై ఉన్న ఊదా జట్టు పైకి ఎక్కేదీ లేదు, కిందికి పడేదీ లేదు. ఆ రౌండ్‌ను చివరికి తెచ్చి, ఆకుపచ్చ జట్టు బై ఉన్న రౌండ్‌ను ముందుకు జరిపాం. దీనివల్ల నీలి జట్టు వరుసగా రెండు మ్యాచ్‌లు బయట ఆడాల్సి వచ్చింది, వాళ్లు ముందే ఒప్పుకున్నారు. చివరి రోజు నాలుగు మ్యాచ్‌లూ ఒకే నిమిషంలో మొదలయ్యాయి.

మార్చిన నియమం

సగం అన్న మాట తీసేశాం. సగం అనేది అంకెల్లో బాగుంటుంది, కానీ వాయిదాలు పడే లీగ్‌లో ఒక జట్టు తొమ్మిది మ్యాచ్‌లు ఆడి కూడా అందరితో ఆడకపోయి ఉండొచ్చు. ఒకరితో రెండుసార్లు, మరొకరితో అసలు ఆడకుండా. కొత్త నిబంధన ఇది: తప్పుకున్న జట్టు మిగిలిన ప్రతి జట్టుతోనూ కనీసం ఒక్కసారి ఆడి ఉంటే, ప్రతి జట్టుతోనూ ఆడిన మొదటి మ్యాచ్ ఫలితం నిలుస్తుంది, మిగతావన్నీ, రెండోసారి ఆడినవి కూడా, పట్టికలోకి రావు. ఒక్క జట్టుతోనైనా ఆడకపోతే అన్ని ఫలితాలూ రద్దు. ఏ సందర్భంలోనూ వాకోవర్ పాయింట్లు లేవు.

దీనికి ఆకుపచ్చ క్లబ్ అభ్యంతరం చెప్పింది. మొదటి మ్యాచ్ సొంత గ్రౌండ్‌లో ఆడిన జట్టుకూ, బయట ఆడిన జట్టుకూ తేడా ఉంటుందన్నారు. నిజమే, ఆ తేడా ఉంటుంది. కాకపోతే అది ఆడని మ్యాచ్‌కు ఆరు పాయింట్లు ఇవ్వడం కన్నా చిన్నది.

సబ్‌స్టిట్యూట్ల గడులకు కూడా ఒక నియమం పెట్టాం. వరుసగా రెండు మ్యాచ్‌లలో ముగ్గురి కన్నా తక్కువ సబ్‌స్టిట్యూట్లతో వచ్చిన క్లబ్‌తో పోటీల కార్యదర్శి ఆ వారంలోనే కూర్చుని మాట్లాడాలి. అది శిక్ష కాదు. రిజిస్ట్రేషన్ గడువు ఉండగానే ఆటగాళ్లను వెతుక్కోవడానికి, ప్రయాణాలు కలిపి ఏర్పాటు చేయడానికి అవకాశం ఉంటుందని. వాయిదా పడిన మ్యాచ్‌ను మొదటి లెగ్ ముగిసేలోపే ఆడించాలన్న షరతు కూడా చేర్చాం. వచ్చే సీజన్ బులెటిన్‌లో తప్పుకోవడానికి సంబంధించిన పేజీని సంతకానికి ముందు క్లబ్ ప్రతినిధుల సమావేశంలో పైకి చదవాలని కమిటీ తీర్మానించింది.